కూబర్ పీడీ: నేల కింద కాపురముండే ఊరి చరిత్ర – తరచుగా అడిగే ప్రశ్నలు

అడిలైడ్‌లో ఉంటానని తెలిసిన దగ్గర్నుంచి బంధువులు ఫోన్ చేసినప్పుడల్లా కంగారూల తర్వాత అడిగే ప్రశ్న ఒకటుంది: "అక్కడేదో భూమిలోపల ఇళ్ళు కట్టుకున్న ఊరుందట, నిజమేనా?" నిజమే. రెండుసార్లు వెళ్ళొచ్చాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి, అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఈ ఊరు ఎక్కడుంది?

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో. అడిలైడ్ నుంచి స్టూవర్ట్ హైవే మీద ఉత్తరంగా దాదాపు 850 కిలోమీటర్లు. ఆస్ట్రేలియా తీరప్రాంతం వదిలి లోపలికి పోతే వచ్చే విశాలమైన ఎండునేలల్ని అక్కడివాళ్ళు అవుట్‌బ్యాక్ అంటారు. ఈ ఊరు దాని నడిమధ్యలో ఉంది. దక్షిణాన దగ్గరి మజిలీ గ్లెండాంబో, 250 కిలోమీటర్లు. ఆ మధ్యలో పెట్రోల్ బంకు లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడకు బయల్దేరి, దారి పొడవునా ఒక్క టీ కొట్టు, ఒక్క ఊరు, ఒక్క పెద్ద చెట్టు కూడా కనపడలేదనుకోండి. అలా ఉంటుంది.

రైలుంది గానీ ఊళ్ళోకి రాదు. అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్ళే 'ఘాన్' రైలు మంగూరి అనే చోట ఆగుతుంది. అక్కణ్ణుంచి ఊరికి 40 కిలోమీటర్ల పైనే.

పేరు వింతగా ఉంది. అర్థమేంటి?

1915లో ఇక్కడ ఓపల్ అనే రంగులు మెరిసే విలువైన రాయి కోసం తవ్వకాలు మొదలైనప్పుడు దీన్ని 'స్టూవర్ట్ రేంజ్ ఓపల్ క్షేత్రం' అనేవారు. 1858లో ఈ చుట్టుపక్కలకు వచ్చిన తొలి యూరోపియన్ అన్వేషకుడు జాన్ మెక్‌డవాల్ స్టూవర్ట్ పేరు అది. 1920లో పోస్టాఫీసు పెట్టేటప్పుడు 'కూబర్ పీడీ' అన్నారు. స్థానిక ఆదివాసుల మాట 'కుప పితి'ని ఇంగ్లిషువాళ్ళు పలికిన తీరు అది. దానికి ఎక్కువమంది చెప్పే అర్థం 'తెల్లోడి బొక్క'. కుర్రాళ్ళ నీటిగుంట అని చెప్పేవాళ్ళూ ఉన్నారు.

నాకు మొదటి అర్థమే నచ్చుతుంది. సాధారణంగా కొత్తగా వచ్చినవాళ్ళు పాతవాళ్ళ నేలకు పేరు పెడతారు. ఇక్కడ పాతవాళ్ళు కొత్తవాళ్ళను చూసి, ఎలుకల్లా బొరియలు తవ్వుకుంటున్నారేంటి అనుకుని పేరు పెట్టినట్టుంది. ఆ పేరే సర్కారు ముద్రలోకి ఎక్కింది.

ఊరు ఎలా పుట్టింది?

నీళ్ళు వెతుకుతుంటే పుట్టింది. 1915 జనవరి చివర్లో జిమ్ హచిసన్ అనే ఆయన చిన్న బృందంతో బంగారం కోసం ఈ ఎడారిలోకి వచ్చాడు. బంగారం దొరకలేదు. వెంట తెచ్చుకున్న నీళ్ళు తరిగిపోతున్నాయి. పెద్దవాళ్ళు నీటి జాడ కోసం తలో దిక్కు వెళ్తూ, జిమ్ కొడుకు విల్లీని గుడారం దగ్గర ఉండమన్నారు. వాడికి 14 ఏళ్ళు. ఆ వయసు పిల్లాణ్ణి ఒక్కచోట కూర్చోబెట్టడం ఎవరి తరం? సాయంత్రానికి తిరిగొచ్చి చూస్తే వాడు లేడు. తండ్రికి టెన్షన్ మొదలైంది. చీకటి పడ్డాక విల్లీ వచ్చాడు. నీళ్ళ గుంట కనిపెట్టానన్నాడు. దాంతోపాటు సంచిలో రంగులు మెరిసే రాళ్ళు కూడా ఉన్నాయి. అది ఫిబ్రవరి 1. ఎనిమిది రోజుల్లో, ఇక్కడ తవ్వే హక్కు మాది అని చెప్పే మొదటి గుంజలు పాతారు.

వార్త బయటికి పొక్కాక ఓపల్ తవ్వకందార్లు ఒక్కొక్కరే చేరారు. ఆస్ట్రేలియా తూర్పు పడమరలను కలిపే రైలుమార్గం 1917లో పూర్తయింది. పని అయిపోయిన కూలీల్లో కొందరు ఇటొచ్చారు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు మరికొందరు. ఊరికి ప్లానూ లేదు, పునాదిరాయీ లేదు.

1915కి ముందు అక్కడ మనుషులే లేరా?

ఉన్నారు, వేల ఏళ్ళుగా. 'కనుగొన్నారు' అన్న మాట చదివినప్పుడల్లా ఇది గుర్తుంచుకోవాలి. ఇది అంటకిరింజ మటు-యంకునిట్జట్జర ప్రజల నేల. కొకథ వంటి ఇతర ఆదివాసీ జనాలకూ ఈ ప్రాంతంతో పాత సంబంధాలున్నాయి. ఎక్కడ ఏ గుంటలో నీళ్ళు ఎన్నాళ్ళుంటాయో తెలిసి, దాన్ని బట్టి తిరుగుతూ బతికినవాళ్ళు. ఒక్కచోట స్థిరంగా ఉండడం అక్కడ తెలివైన పని కాదు.

1975లో ఊళ్ళోని ఆదివాసులు తమ సముదాయానికి 'ఉమూన' అని పేరు పెట్టుకున్నారు. ఆ ఎండునేలలో బతికే ముల్గా చెట్టుకు వాళ్ళ మాట అది. దీర్ఘాయువు అని కూడా అర్థం. 2011లో ఫెడరల్ కోర్టు ఈ ప్రాంతం మీద వాళ్ళ సంప్రదాయ భూమిహక్కును గుర్తించింది. విల్లీ సంచి నిండిన 96 ఏళ్ళకు.

నేల కింద ఇళ్ళు ఎందుకు? ఎవరి ఆలోచన?

ఎందుకంటే, వేసవిలో నీడలోనే 45 డిగ్రీలు దాటుతుంది. ఎడారి కాబట్టి చలికాలం రాత్రి వణికిస్తుంది. ఇల్లు కట్టడానికి కలప లేదు. కానీ నేల కింద ఉన్నది గట్టి ఇసుకరాయి. గడ్డపారకు లొంగేంత మెత్తన, స్తంభాల్లేకుండా పైకప్పును మోసేంత గట్టి. నాలుగైదు మీటర్ల మందాన రాయి నెత్తిమీదుంటే లోపల ఏడాది పొడవునా 22 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏసీ అక్కర్లేదు.

ఎవరి ఆలోచన అన్నదానికి రెండు కథలున్నాయి. యుద్ధంలో కందకాల్లో బతికొచ్చిన సైనికులు ఇక్కడా అదే చేశారన్నది ఎక్కువగా చెప్పే కథ. అందుకే ఈ ఇళ్ళను 'డగౌట్' అంటారట, అది సైన్యం మాట. రెండో కథ: న్యూ సౌత్ వేల్స్‌లో వైట్ క్లిఫ్స్ అనే ఓపల్ ఊరుంది. అక్కడ 1890ల నుంచే గనికార్మికులు నేలలో ఉండేవారు. అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళే ఆ అలవాటు తెచ్చారంటారు. నాకైతే రెండోదే బలంగా కనిపిస్తుంది. రోజంతా చల్లని గోతిలో పనిచేసినవాడు, రాత్రి పైకొచ్చి రేకుల గుడిసెలో ఉడికిపోవడానికి బుర్ర లేనివాడు కాదు కదా. సైనికులు రాకపోయినా ఇది జరిగేదే.

లోపల ఉక్కపోయదా? చీకటిగా ఉండదా?

మా అమ్మ ప్రశ్న ఇది. "పాతాళంలోకి దిగాలా?" అని కూడా అడిగింది. దిగనక్కర్లేదు. చాలా ఇళ్ళు గుట్ట పక్కనుంచి అడ్డంగా తొలిచినవి. వీధిలోంచి మామూలుగా తలుపు తీసుకుని లోపలికి నడిచి వెళ్ళడమే. ముందు గదులకు కిటికీలుంటాయి, వెనక పడగ్గదులకు ఉండవు. గాలికోసం పైకప్పులోంచి నేలపైకి గొట్టాలు పెడతారు. ఆ గొట్టాలు గుట్టంతా పుట్టగొడుగుల్లా లేచి ఉంటాయి. కింద ఇల్లుందని పైనుంచి తెలిసేది వాటివల్లే. లేత ఎరుపు, గోధుమరంగు చారల గోడలు. రాయి పొడి రాలకుండా పైన పలచగా ఒక పూత పూస్తారు.

ఇంకో బీరువా కావాలంటే గోడ తొలచడమే. గది చాలకపోతే ఇంకో గది. ఊరి హద్దుల్లో గని తవ్వకం నిషేధం, ఇల్లు పెద్దది చేసుకోవడం మాత్రం నిషేధం కాదు. కొందరికి ఎన్ని పడగ్గదులున్నా చాలవని ఊళ్ళో నవ్వుకుంటారు. ఫే నేలర్ అనే ఆవిడ ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి గడ్డపారలూ పారలతో దాదాపు పదేళ్ళు తవ్వి చేసుకున్న ఇల్లు ఇప్పటికీ చూడొచ్చు. ఈతకొలను కూడా ఉంది అందులో.

ఊళ్ళో సగానికి పైగా జనం ఇలాగే ఉంటారంటారు. నేను నేలకింది లాడ్జిలో ఒక రాత్రి పడుకున్నాను. లైటు తీశాక వచ్చిన చీకటి, నిశ్శబ్దం మన ఊళ్ళలో ఎక్కడా ఉండవు. ఉదయం తొమ్మిదైనా లేవలేదు. తెల్లారిందని చెప్పడానికి అక్కడేమీ లేదు మరి.

ఓపల్ అంటే ఏంటి? అక్కడే ఎందుకు దొరుకుతుంది?

ఇప్పుడు ఎడారైన ఆ నేల మీద 11 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం ఉండేది. అది పోయి, రాళ్ళు శిథిలమై, వాటిలోని సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) భూగర్భ జలంలో కరిగి, పగుళ్ళలోకీ ఖాళీల్లోకీ ఇంకింది. నీరు నెమ్మదిగా తగ్గేకొద్దీ సిలికా కంటికి కనపడని గోళీలుగా పేరుకుంది. గోళీలన్నీ ఒకే సైజులో వరుసగా పేర్చినట్టు కుదిరితే, వాటి మీద పడ్డ వెలుతురు విడిపోయి ఆకుపచ్చ, నీలం, అరుదుగా ఎరుపు మెరుస్తాయి. వరుస కుదరకపోతే అది రంగులేని 'పాచ్', విలువుండదు. ఈ రహస్యాన్ని 1960ల్లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తేల్చారు.

ఓపల్‌లో కొన్ని శాతం నీరే ఉంటుంది. అంటే విల్లీ తెచ్చిన రాళ్ళలోనూ నీళ్ళున్నాయి, తాగడానికి పనికిరానివి.

ఆ సముద్రపు జీవులు కూడా ఓపల్‌గా మారాయి. గవ్వలు సర్వసాధారణం. 1987లో ఇక్కడ దొరికిన ప్లీసియోసార్ అనే సముద్రపు సరీసృపం అస్థిపంజరం ఓపల్‌గా మారి ఉంది. 'ఎరిక్' అని ముద్దుపేరు పెట్టారు, సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియంలో ఉంది.

తవ్వేది ఎవరు? పెద్ద కంపెనీలా?

కాదు, ఈ ఊరి చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే. పర్మిట్ తీసుకున్న మనిషి నాలుగు మూలలా గుంజలు పాతి చిన్న నేల తుండు తీసుకుంటాడు. 50 మీటర్ల వెడల్పు, 50 లేదా 100 మీటర్ల పొడవు. కొండలు కొండలుగా రాసిచ్చే లీజులు లేవు. పైగా ఓపల్ ఎక్కడుంటుందో ముందుగా చెప్పగలిగే పద్ధతి ఇప్పటికీ లేదు. పక్క తుండువాడికి లక్షలు దొరికి, మీకు ఏళ్ళ తరబడి మట్టే మిగలొచ్చు. అలాంటి చోట లెక్కలు వేసుకునే కంపెనీకి పనేముంది? మొండివాడికే పని.

మొదట్లో గడ్డపారతో బావిలా తవ్వి, గిలకకు బకెట్టు కట్టి మట్టి పైకి లాగేవారు. తర్వాత డ్రిల్లింగ్ లారీలు, సొరంగం తొలిచే యంత్రాలు వచ్చాయి. ఇప్పుడు ఊరిచుట్టూ కనిపించే లారీల మీద పెద్ద డ్రమ్ములుంటాయి. వాటిని 'బ్లోయర్' అంటారు. అవి ఒకరకం వాక్యూమ్ క్లీనర్లే. గోతిలోని మట్టిని గొట్టంతో పీల్చి పక్కన శంకువులా కుప్ప పోస్తాయి. గోతులు రెండు లక్షలకు పైనే ఉన్నాయని ఊళ్ళో చెబుతారు.

ఆ కుప్పల్లో వదిలేసిన తునకల్ని ఏరుకోవడాన్ని 'నూడ్లింగ్' అంటారు. ఇది చూడగానే మనవాళ్ళకు అర్థమైపోతుంది. తొలకరి పడగానే వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వంగి వజ్రాలు వెతికే జనం లేరూ? అదే నడుమునొప్పి, అదే ఆశ.

మరి నీళ్ళ సంగతి?

ఏడాదికి సుమారు 150 మిల్లీమీటర్ల వాన. కరువుసీమ అనుకునే అనంతపురంలో 550 దాకా పడుతుంది. మొదట్లో నీళ్ళు దూరం నుంచి మోసుకొచ్చేవారు. 1920ల్లో ప్రభుత్వం వాననీరు నిలవ చేసే పెద్ద ట్యాంకు కట్టించింది, అందులోంచి మనిషికింతని రేషన్. 1960ల్లో ఎండవేడితో ఉప్పునీటిని ఆవిరిచేసి మంచినీరు తీసే ప్లాంటు పెట్టారు. ఎండకేం కొదవ, అనుకున్నారు గానీ అది ఊరి అవసరానికి చాలలేదు.

ఇప్పుడు ఊరికి 24 కిలోమీటర్ల దూరంలోని బోరు నుంచి ఉప్పునీరు తెచ్చి, రివర్స్ ఆస్మోసిస్‌తో శుద్ధి చేస్తారు. మన ఇళ్ళ వంటగదిలో గోడకు తగిలించే ఆర్వో యంత్రం పనే, ఊరంత సైజులో. బాటసారులు నాణెం వేసి నీళ్ళు పట్టుకునే కుళాయి ఒకటుంది. నేను క్యాన్ నింపుకుంటుంటే వెనక నిలబడ్డ పెద్దాయన, ఒలికిపోయిన చెంబెడు నీళ్ళ వైపు చూసిన చూపు మాత్రం మర్చిపోలేను.

ఊరు ఎప్పుడూ ఇలాగే కళకళలాడుతూ ఉందా?

లేదు, ఒకసారి దాదాపు చచ్చి బతికింది. 1930ల ఆర్థికమాంద్యంలో ఓపల్ కొనే దిక్కులేక తవ్వకం ఇంచుమించు ఆగిపోయింది. రెండో ప్రపంచయుద్ధంలో ఉన్నవాళ్ళూ పోయారు.

1946లో ఊరికి ఎనిమిది మైళ్ళ దగ్గర టాటీ బ్రయంట్ అనే ఆదివాసీ మహిళకు మంచి ఓపల్ దొరికింది. దాంతో ఓపల్ కోసం జనం పరుగు రెండోసారి మొదలైంది. ఆ 'ఎయిట్ మైల్' క్షేత్రంలోనే 1956లో 17,000 క్యారెట్ల రాయి బయటపడింది. దాని బరువు మూడున్నర కిలోలకు కాస్త తక్కువ. ఆ ఏడాది మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ జరుగుతున్నాయని దానికి 'ఒలింపిక్ ఆస్ట్రాలిస్' అని పేరు పెట్టారు. ఊరిని మొదట నిలబెట్టినవాడు మాట వినని పిల్లాడు, రెండోసారి నిలబెట్టింది ఒక ఆదివాసీ స్త్రీ. విల్లీ కథ ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది, టాటీ పేరు వెతుక్కోవాలి.

గ్రీకులు, సెర్బులు అక్కడికెలా వచ్చారు?

యుద్ధంలో చితికిపోయిన ఐరోపా నుంచి లక్షల మంది ఆస్ట్రేలియాకు వలస వచ్చారు. ఇంగ్లిషు రానివాడికి, చదువు కాగితాలు చెల్లనివాడికి నగరంలో ఫ్యాక్టరీ కూలీయే గతి. ఓపల్ గోతి మాత్రం ఏ భాష వచ్చని అడగదు. 1960ల్లో గ్రీకులు, ఇటాలియన్లు, సెర్బులు, క్రొయేషియన్లు తండోపతండాలుగా చేరారు. చిన్న ఊళ్ళో నలభైకి పైగా దేశాలవాళ్ళున్నారని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

1993లో సెర్బులు రాతిలోనే తొలిచిన ఆర్థడాక్స్ చర్చి ఉంది. పైకప్పు చారలు, గోడల్లోనే చెక్కిన సాధువుల బొమ్మలు. లోపల నిలబడ్డప్పుడు నాకు ఉండవల్లి గుహలు గుర్తొచ్చాయి. కాలం వేరు, దేవుడు వేరు, ఉలి పని అదే.

పేలుడు మందులతో కొట్టుకునేవారట, నిజమేనా?

డైనమైట్ కిరాణా సరుకంత సులువుగా దొరికిన రోజులున్నాయి. తగాదాలు వచ్చినప్పుడు కొందరు దాన్నే వాడారు. 1965లో తెరిచిన బహిరంగ సినిమాహాల్లో "దయచేసి పేలుడు పదార్థాలు లోపలికి తేవద్దు" అన్న స్లైడు వేసేవారు. నవ్వులాటకు కాదు, అవసరమై.

అణు పరీక్షలతో ఈ ఊరికి సంబంధం ఉందా?

ఉంది, దీన్ని పర్యాటక కరపత్రాలు దాటేస్తాయి. 1953 అక్టోబరులో బ్రిటన్ ఈ ఊరికి పడమరగా ఎడారిలో ఎమూ ఫీల్డ్ దగ్గర రెండు అణుబాంబులు పేల్చింది. మొదటి పేలుడు తర్వాత అక్కడికి ఈశాన్యాన ఉన్న వల్లటిన అనే చోటి వైపు నల్లటి మబ్బు నేలబారున పాకి వచ్చిందని, కళ్ళు మండి, వాంతులై, ఒళ్ళు పొక్కిందని ఆదివాసులు చెప్పారు. 30 ఏళ్ళ పాటు ఎవరూ చెవిన పెట్టలేదు. 1985లో ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, ఆ నల్లమబ్బు నిజమేనని ఒప్పుకుంది.

1998లో అదే ఎడారిలో అణు వ్యర్థాలు పాతిపెట్టాలని కేంద్రప్రభుత్వం ప్రతిపాదించినప్పుడు, ఊళ్ళోని ఆదివాసీ అమ్మమ్మలు అడ్డం తిరిగారు. వాళ్ళ బృందం పేరు 'కుప పితి కుంగ ట్జుట'. వాళ్ళ నినాదం 'ఇరటి వంటి'. అంటే, ఆ విషం జోలికి పోకండి. వాళ్ళలో ఐలీన్ కంపకుట బ్రౌన్, ఐలీన్ వని వింగ్‌ఫీల్డ్‌లకు 2003లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. 2004లో ప్రభుత్వం ఆ ఆలోచన మానుకుంది.

మా జ్యోతిష్కుడు ఓపల్ ఉంగరం పెట్టుకోమన్నారు. అక్కడ కొనమంటారా?

శుక్రుడికి వజ్రం కొనలేనివాళ్ళకు మనవైపు ఓపల్ చెబుతారు. తెలుగువాళ్ళకూ ఈ ఊరికీ ఉన్న అసలు బంధుత్వం అదే. జాతకం సంగతి నాకు తెలియదు గానీ రాయి సంగతి చెప్తాను. 'సాలిడ్' అంటే మొత్తం ఓపల్. 'డబ్లెట్' అంటే సన్నని ఓపల్ పలకను నల్లటి రాయికి అతికించినది. దాని మీద గాజులాంటి మూత కూడా పెడితే 'ట్రిప్లెట్'. అతికించినవి నీళ్ళల్లో నానితే కొన్నాళ్ళకు మసకబారతాయి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో ఏమీ అడక్కుండా కొన్నది ట్రిప్లెట్ అని ఇంటికొచ్చాక తెలిసింది. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. పక్కనుంచి చూడండి, అతుకు గీత కనపడుతుంది. మన బజార్లో 'ఆస్ట్రేలియన్' అని అమ్మేవాటిలో ఇథియోపియా రాళ్ళూ ఉంటాయి, అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు ఊరి పరిస్థితేంటి?

జనాభా 1,500కు అటూ ఇటూ. 1987లో స్టూవర్ట్ హైవేకి తారు వేయడం పూర్తయ్యాక పర్యాటకులు పెరిగారు. డీజిల్ ఖరీదెక్కి, కుర్రాళ్ళు నగరాలకు పోయి, తవ్వేవాళ్ళు తగ్గారు. అప్పులు, పాలన గొడవల వల్ల 2019లో రాష్ట్రప్రభుత్వం మున్సిపల్ కౌన్సిల్‌ను పక్కనపెట్టి అడ్మినిస్ట్రేటర్‌ను నియమించింది. కరెంటు విషయంలో మాత్రం ముందున్నారు. 2017 నుంచి ఊరికి కావలసిన విద్యుత్తులో 70 శాతం దాకా గాలి, ఎండల నుంచే వస్తోంది, మిగతాది డీజిల్. ఊరి ఫుట్‌బాల్ జట్టు ఒక్కో మ్యాచ్‌కి రాక్స్‌బీ డౌన్స్ అనే ఊరి దాకా, రానూపోనూ 900 కిలోమీటర్లు ప్రయాణం చేసిన రోజులున్నాయి.

చూడ్డానికి వెళ్తే ఏం గుర్తుపెట్టుకోవాలి?

మే నుంచి ఆగస్టు మధ్య వెళ్ళండి. గడ్డి పరక లేని గోల్ఫ్ మైదానం చూడండి. ఆటగాళ్ళు చేతిలో చిన్న పచ్చిక ముక్క పట్టుకెళ్ళి, బంతిని దాని మీద పెట్టి కొడతారు. గుట్ట మీద తుక్కు ఇనుముతో చేసిన చెట్టుంది. ఊళ్ళో మొదటి చెట్టు అదేనంటారు. ఉత్తరాన 30 కిలోమీటర్ల దగ్గర కంకు-బ్రేక్‌అవేస్ గుట్టల మీద సాయంత్రపు వెలుగు చూడకుండా రావద్దు.

గని ప్రాంతంలో మాత్రం ఫొటో తీసుకుంటూ వెనక్కి నడవకండి. అక్కడి బోర్డు మీద పుర్రె బొమ్మ కాదు, గోతిలోకి వెల్లకిలా పడుతున్న మనిషి బొమ్మ ఉంటుంది.